అలకు తగ్గ కట్టు

ఆదివారం ఉదయం వాడరేవు ఒడ్డున నిలబడితే మన ఇళ్లలోని బీరువాలన్నీ ఒక్కచోట తెరిచి పెట్టినట్టుంటుంది. గుంటూరు నుంచి వచ్చినవాళ్లు, విజయవాడ నుంచి కార్లలో దిగినవాళ్లు, రాత్రి రైలెక్కి తెల్లారేసరికి చీరాలలో దిగిన హైదరాబాదీలు... అందరి చూపూ నీళ్లమీదే. మగపిల్లలు చొక్కాలు విప్పి నిక్కర్లతో దూకేస్తారు. తంటా అంతా ఆడవాళ్లకే. పెద్దావిడ కుచ్చిళ్లు రెండు చేతులా ఎత్తిపట్టుకుని చీలమండల లోతులోనే ఆగిపోతుంది. కోడలు చున్నీని నడుముకు బిగించి మోకాళ్లదాకా వెళ్తుంది. కాలేజీ అమ్మాయి జీన్సు ప్యాంటుతోనే దిగుతుంది. ఇంట్లో సౌకర్యంగా ఉంటుంది కదాని నైటీ వేసుకొచ్చినవాళ్లూ తక్కువేమీ కాదు. ఇంతలో ఓ పెద్ద అల! చీర కాళ్లకు చుట్టుకుంటుంది, నైటీ గొడుగులా పైకి లేస్తుంది, చున్నీ ఎటో పోతుంది, జీన్సు ఇసుకతో నిండి అడుగు వేయనివ్వదు. నవ్వులు, కేకలు, ఫొటోలు.

అన్నిసార్లూ నవ్వులతోనే ముగియదు. వాడరేవు, రామాపురం, సూర్యలంక తీరాల్లో మునిగిపోయినవారి వార్తలు ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం. 2024 జూన్‌లో వరసగా ప్రాణాలు పోవడంతో పోలీసులు కొద్దిరోజులపాటు సందర్శకుల్ని ఈ తీరాలకు రానివ్వలేదు. కారణాల్లో మొదటిది ఈత రాకపోవడం, రెండోది వెనక్కి లాగే ప్రవాహం. ఒంటిమీద ఏముందన్నది ఆ తర్వాతి మాట. అయితే పట్టు తప్పిన ఆ నాలుగైదు సెకన్లలో లేచి నిలబడగలమా లేదా అన్నది చాలావరకు ఆ బట్టమీదే ఆధారపడి ఉంటుంది.

ఈమధ్య ఇళ్లలో ఇంకో మాటా వినిపిస్తోంది. టీవీలోనో ఫోన్లోనో అలలమీద పలకెక్కి నిలబడే అమ్మాయిల్ని చూసి, వాళ్లు వేసుకునే నల్లటి పొట్టి రబ్బరు సూట్ కావాలని కూతుళ్లు అడుగుతున్నారు. దాని పేరు స్ప్రింగ్ సూట్. సర్ఫింగ్ చేసేవాళ్లు మరీ చలీ మరీ వేడీ కాని నెలల్లో వేసుకునేది. వేలు పోసి కొనాలి మరి. కొనాలా? కొంటే ఎలాంటిది? చీరాల సముద్రానికి అది పనికొస్తుందా?

నీళ్లలో చీర

ముందు చీర సంగతి. తడిసిన చీర బరువెక్కి మనిషిని కిందికి లాగేస్తుందని అందరూ అంటారు. అది సగం నిజమే. నీళ్లలో ఉన్నంతసేపూ నూలు పీల్చుకున్న నీటి బరువు పెద్దగా తెలియదు, నీళ్లలో నీళ్లకు బరువేముంటుంది? అసలు చిక్కు వేరే ఉంది. ఐదున్నర మీటర్ల బట్ట నీళ్లలో తెరచాపలా పనిచేస్తుంది. అల ముందుకు వచ్చినప్పుడు మనిషిని ముందుకు తోస్తుంది, వెనక్కి పోయేటప్పుడు అంతకంటే గట్టిగా లాగుతుంది. కుచ్చిళ్లు రెండు కాళ్ల మధ్యకు చేరి ముడిపడితే కాళ్లు ఆడించడానికి వీలుండదు. లోపలి లంగా సంచిలా నీళ్లు పట్టి నిలబెడుతుంది. ఇక బరువు తెలిసేది నీళ్లలోంచి లేచేటప్పుడు. అప్పుడు నడుము కింద బిందెడు నీళ్లు వేలాడుతున్నట్టే. సరిగ్గా ఆ క్షణంలో రెండో అల వచ్చి పడుతుంది.

చుడీదార్‌లో ప్రమాదం చున్నీది. మెడ చుట్టూ వేసుకుని దిగడం మాత్రం వద్దేవద్దు. జీన్సు తడిస్తే మోకాలు దగ్గర బిగుసుకుపోయి కాలు మడవనివ్వదు. నైటీ ఎంత వదులో అంత ముప్పు. కార్తీక పౌర్ణమికీ మాఘ పౌర్ణమికీ సముద్రస్నానానికి వచ్చే వేలమంది మహిళలు మాత్రం చీరతోనే మునుగుతారు. అది వాళ్ల విశ్వాసం. వాళ్లలో అనుభవం ఉన్న పెద్దవాళ్లను గమనిస్తే ఓ సంగతి తెలుస్తుంది. కొంగు బిగించి దోపుతారు, కుచ్చిళ్లు పైకెత్తి కట్టేస్తారు, మోకాలి లోతు దాటరు, అల వచ్చినప్పుడు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు. బట్టను మార్చకపోయినా కట్టును మార్చుకున్నారన్నమాట.

పేరులోనే చీర

ఆ మాటకొస్తే బట్ట గురించి చీరాలకు ఎవరైనా చెప్పాలా? పేరులోనే చీర ఉన్న ఊరు. మగ్గం చప్పుడుతో తెల్లారే వీధులున్న ఊరు. కుప్పడం చీర అంటే ఎక్కడెక్కడి ఆడవాళ్లూ ముచ్చటపడతారు. సముద్రానికి తగ్గ బట్టను కూడా ఈ ఊరు ఒకప్పుడు నేసింది. అదే తేలియా రుమాలు. నూలును నూనెతో, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లతో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, ఆ తర్వాతే రంగులద్ది నేసేవారు. ఎరుపు, నలుపు, తెలుపు గళ్లలో పడవలు, జంతువులు. చేతికి నూనె జిడ్డు, ముక్కుకు నూనె వాసన తగిలే ఆ చదరపు గుడ్డ ఒంటిని చల్లగా ఉంచేదని పేరు. తీరంలోని జాలర్లు తలకు చుట్టుకున్నారు, నడుముకు కట్టుకున్నారు. ఇక్కడినుంచి అరబ్బు దేశాలకూ ఎగుమతి అయింది. తర్వాత్తర్వాత ఆ పనితనం తెలంగాణలోని పుట్టపాకలో ఎక్కువగా నిలిచింది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అంటే ఎండలో, ఉప్పుగాలిలో పనిచేసే మనిషికి ఎలాంటి గుడ్డ కావాలో చీరాల ఏనాడో ఆలోచించింది. కాకపోతే ఆ మనిషి మగమనిషి. వేటకు వెళ్లేది అతను, ఒడ్డున చేపల గంప ఎత్తుకునేది ఆమె. ఆడవాళ్లు నీళ్లలోకి దిగాల్సిన పనే లేదనుకున్నప్పుడు వాళ్లకోసం బట్ట ఎవరు నేస్తారు?

పని వస్తే మాత్రం మన ఆడవాళ్లు ఎవర్నీ అడగలేదు. చీరాల నుంచి పర్చూరు మీదుగా గుంటూరు వైపు వెళ్తే రోడ్డుకు రెండువైపులా మిరప చేలు, పత్తి చేలు. కాయ కోతకు వెళ్లే మహిళల్ని చూడండి. చీరమీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా! ముఖానికి అడ్డంగా కట్టిన తువ్వాలు, పైకి దోపిన చీర. ఎండ నుంచీ మిరప ఘాటు నుంచీ కాపాడుకోవడానికి వాళ్లంతట వాళ్లు కుదుర్చుకున్న వేషం అది. ఏ డిజైనరూ చెప్పలేదు, ఏ పెద్దమనిషీ తప్పుపట్టలేదు. విదేశాల్లో రాష్ గార్డ్ పేరుతో అమ్మే పొడుగు చేతుల బిగుతు చొక్కా చేసే పని కూడా ఇదే... ఎండను ఆపడం, ఒరుసుకుపోకుండా కాపాడటం. పొలానికి ఒక వేషం ఉన్నప్పుడు సముద్రానికి ఒకటి ఉంటే తప్పేమిటి?

రబ్బరు సూట్ కథ

వెట్‌సూట్ పుట్టింది చలి నుంచి. నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరును అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1930ల మొదట్లో తయారుచేసింది. 1952 ప్రాంతంలో కాలిఫోర్నియాలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతికశాస్త్రవేత్త నౌకాదళ ఈతగాళ్లకోసం దాంతో సూట్ చేయవచ్చని కనిపెట్టాడు. ఒంటికి నీరు తగలకుండా చేయాలని అంతకుముందు అందరూ అనుకునేవారు. ఆయన ఆలోచన దానికి తలకిందులు. తడిస్తే తడవనీ, ఒంటికీ రబ్బరుకూ మధ్య పలచటి నీటిపొర నిలిస్తే చాలు, అది ఒంటి వేడికి వెచ్చబడుతుంది. రబ్బరులో చిక్కుకున్న గాలి బుడగలు ఆ వేడిని బయటికి పోనివ్వవు. చన్నీళ్లలో ఒంటి వేడి గాలిలోకంటే దాదాపు 25 రెట్లు వేగంగా పోతుంది మరి. అదే కాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జాక్ ఓ నీల్ సర్ఫింగ్ దుకాణం తెరిచి, తరవాత ఈ సూట్లను ఊరూరా ప్రచారంలోకి తెచ్చాడు. చాలాకాలం ఇవన్నీ మగవాళ్ల కొలతలకే వచ్చేవి. ఆడవాళ్లు వాటిలో చిన్న సైజు ఏరుకుని సర్దుకుపోయారు. భుజాల దగ్గర వదులు, తుంటి దగ్గర బిగుతు.

స్ప్రింగ్ సూట్ అందులో పొట్టిది. కాళ్లు తొడ మధ్యవరకే, చేతులు పొట్టివో పొడుగువో. మందం మామూలుగా 2 మిల్లీమీటర్లు. నీటి వేడి సుమారు 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఇది బాగుంటుంది. అక్కడివాళ్లకు వసంతంలో, శరత్తులో ఉండే చలి అది. పేరు అలా వచ్చింది.

ఇప్పుడు మన సముద్రం దగ్గరికి రండి. బంగాళాఖాతం ఈ తీరంలో బాగా చల్లబడేది జనవరిలో. అప్పుడు కూడా నీళ్లు సుమారు 25, 26 డిగ్రీలుంటాయి. మే వచ్చేసరికి 30 దగ్గర. మనకు మధ్యకాలం అంటే సంక్రాంతి చలి తగ్గి రోహిణి ఎండ ఇంకా రాని మాఘ ఫాల్గుణాలు. ఆ రోజుల్లో నీళ్లు గోరువెచ్చన. దాంట్లో రబ్బరు సూట్ వేసుకుని గంటసేపు చేతులు ఆడిస్తే చలి మాట అటుంచి చెమటలు పడతాయి, తల తిరుగుతుంది. చెమట పట్టినట్టు నీళ్లలో ఉన్నవాళ్లకు తెలియదు కూడా. కాబట్టి సూటిగా చెప్పాలంటే, చలికోసం సర్ఫింగ్ వెట్‌సూట్ కొనాల్సిన తీరం మన దేశంలో ఎక్కడా లేదు. చీరాలలో సరే, విశాఖలోనూ చెన్నైలోనూ గోవాలోనూ కూడా అంతే. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున గాలికి ఒళ్లు జిల్లుమంటుందనుకుంటే, నడుము వరకే ఉండే ఒక మిల్లీమీటరు పలచటి రబ్బరు చొక్కా సరిపోతుంది.

ఇంకో అపోహ ఉంది. రబ్బరు సూట్ వేసుకుంటే మునగరని. నియోప్రీన్ కొద్దిగా తేలుస్తుంది, నిజమే. లైఫ్ జాకెట్‌లా ముఖాన్ని నీటిపైన నిలబెట్టదు. ఈత రాని పిల్లకు ధైర్యంకోసం ఆ సూట్ కొనిపెట్టడం కంటే ప్రమాదకరమైన బహుమతి ఉండదు.

కొనాల్సిందెవరు?

అయినా ఈ సూట్ గురించి తెలుగు ఇళ్లలో తెలుసుకోవాల్సిన అవసరం ఉంది. ఎందుకంటే కూతుళ్లు సిడ్నీలో ఉన్నారు, శాన్‌డియాగోలో ఉన్నారు. సిడ్నీలో వసంతం మన ఆశ్వయుజ కార్తీకాల్లో వస్తుంది. అప్పుడు నీళ్లు 18 నుంచి 21 డిగ్రీలు. స్ప్రింగ్ సూట్‌కి సరిగ్గా సరిపోయే చోటు, సరిపోయే కాలం. శాన్‌డియాగోలో వేసవి చివర, అక్టోబరు మొదట్లో కూడా పనికొస్తుంది. అదే కాలిఫోర్నియాలో ఉత్తరాన, తెలుగువాళ్లు బోలెడంతమంది ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతానికి దగ్గరి శాంటాక్రజ్‌కు వెళ్తే నీళ్లు మంచులా ఉంటాయి. అక్కడ ఆగస్టులో కూడా ఒళ్లంతా కప్పే మందపాటి సూటే దిక్కు. వాడరేవులో ఆడిన అలవాటుతో అక్కడ పొట్టి సూట్‌తో దిగితే పది నిమిషాల్లో పళ్లు కొట్టుకుంటాయి.

ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది కొలత. జాకెట్టు సైజు చెప్పి వెట్‌సూట్ కొనకూడదు. మన టైలర్లు ఇచ్చే లూజు ఇందులో ఉండదు. ఛాతీ, నడుము, తుంటి, ఎత్తు నాలుగూ టేపుతో కొలిచి ఆ కంపెనీ ఇచ్చిన పట్టికతో సరిచూసుకోవాలి. ఒక కంపెనీ 8, ఇంకో కంపెనీ 8 ఒకటి కాదు. నాలుగు కొలతలూ ఒకే సైజులో కుదరకపోతే ఛాతీకీ ఎత్తుకీ ప్రాధాన్యం ఇవ్వాలి. మొండెం పొడవు చాలకపోతే భుజాల్ని కిందికి లాగుతూనే ఉంటుంది, అరగంటకే మెడ నొప్పి. మహిళలకోసం కత్తిరించిందే తీసుకోవాలి. తమ్ముడిదో అన్నదో సరిపోతుందిలే అనుకుంటే నడుము వెనక ఖాళీ మిగులుతుంది, ప్రతి అలకూ చన్నీళ్లు ఆ ఖాళీలోకి దూరి వెచ్చటి నీటిపొరను కడిగేస్తాయి. అప్పుడు రబ్బరు ఉన్నా లేనట్టే.

వేసుకుని చూసేటప్పుడు అద్దంముందు నిలబడి చూస్తే సరిపోదు. రెండు చేతులూ పైకెత్తాలి, గొంతుక్కూర్చోవాలి, ముందుకు వంగాలి. మెడ, చంకలు, నడుము వెనక... ఈ మూడుచోట్ల మడతలు పడకూడదు, గాలి ఆడకూడదు. ఊపిరి నిండా పీల్చగలగాలి. పొడిగా ఉన్నప్పుడు కాస్త బిగుతుగా అనిపిస్తేనే సరైన సైజు. తడిశాక కొద్దిగా సాగుతుంది. దుకాణంలో హాయిగా ఉన్న సూట్ నీళ్లలో గోనెసంచి అవుతుంది.

చేతుల విషయానికొస్తే, పలకమీద బోర్లా పడుకుని రెండు చేతులతో నీళ్లు తోసుకుంటూ పోవడమే సర్ఫింగ్‌లో ముప్పాతిక పని. కాబట్టి భుజం దగ్గర రబ్బరు పలచగా, సాగేలా ఉండాలి. ఎండ తక్కువ ఉన్నచోట పొట్టి చేతులు సుఖం. ఎండ ఎక్కువుంటే పొడుగు చేతులే మేలు. కాళ్లు మరీ పైకి కత్తిరించినవి ఫొటోలకు బాగుంటాయేమో, పలకమీద పూసే మైనానికి తొడలు ఒరుసుకుని మంట పుడుతుంది. తొడ మధ్యదాకా ఉన్నదే పనికొచ్చేది.

జిప్పు వెనక ఉంటే వేసుకోవడం తేలిక. పొడవాటి తాడు ఉంటుంది కనుక ఎవరి సాయమూ అక్కర్లేదు. ముందు ఉంటే విప్పడం ఇంకా తేలిక. అయితే గంటల తరబడి బోర్లా పడుకునేవాళ్లకు అది రొమ్ముల మధ్య, పక్కటెముకలమీద ఒత్తుకుంటుంది. కుట్టు చదునుగా, లోపల తడిమితే తగలకుండా ఉండాలి. వెచ్చటి నీళ్లకు అతుకులు జిగురుతో మూసిన ఖరీదైన సూట్ అవసరం లేదు, మామూలు చదును కుట్టు చాలు. రబ్బరు చేతి తొడుగులు వేసుకుంటే దద్దుర్లు వచ్చేవాళ్లు కొనేముందు చర్మ వైద్యులను అడగడం మంచిది.

ఇక నగలు. పొడవు గొలుసు, వేలాడే జుంకాలు, గాజులు, పట్టీలు ఒడ్డునే ఉండాలి. కాలికి కట్టుకునే పలక తాడుకు పట్టీ చిక్కుకుంటే కాలు తెగుతుంది. చన్నీళ్లకు వేళ్లు సన్నబడి ఉంగరం, మెట్టె జారిపోతాయి. మంగళసూత్రం తీయడానికి మనసొప్పని వాళ్లు చాలామందే ఉంటారు. పసుపుతాడుకు పొట్టిగా గుచ్చుకుని సూట్ లోపలికి వేసుకుంటే అటు అత్తగారికీ ఇటు అలకీ అభ్యంతరం ఉండదు. జడ ముడిచి మెత్తటి రబ్బరు బ్యాండ్ పెట్టాలి, పిన్నులు వద్దు.

మరి వాడరేవుకు?

ఇక్కడ దిగే ఆడపిల్లకు కావాల్సింది రబ్బరు కాదు. నీళ్లు పీల్చని, ఒంటిని అంటుకుని ఉండే, ముడులూ అంచులూ వేలాడని బట్ట. నైలాన్‌కో పాలిస్టర్‌కో సాగే దారం కలిపి నేసిన లైక్రా రకం. మోకాలిదాకానో చీలమండదాకానో బిగుతు ప్యాంటు, పొడుగు చేతుల బిగుతు పైచొక్కా, ఇష్టమైతే పైన తుంటిదాకా కుట్టించుకున్న పొట్టి గౌను. మొత్తం ధర మంచి కుప్పడం చీరలో చిన్న భాగం. యూపీఎఫ్ 50 అని రాసి ఉంటే ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతే లోపలికి వస్తుందని అర్థం. తెల్లటి నూలు టీషర్టు తడిస్తే ఎండనూ ఆపదు, చూపులనూ ఆపదు. ఒళ్లు కప్పి ఉంటే ఇంకో లాభం కూడా. ఈ నీళ్లలో అప్పుడప్పుడూ తగిలే జెల్లీచేపల మంట చాలావరకు తప్పుతుంది.

రంగు దగ్గర మాత్రం మన అభిరుచిని పక్కన పెట్టాలి. నీలం, బూడిద, తెలుపు నీళ్లలో కలిసిపోతాయి. నారింజ, చిలకపచ్చ, మెరిసే గులాబీ... పెళ్లిళ్లలో గాడీగా ఉందని తీసిపారేసే రంగులే ఇక్కడ ప్రాణం. ఒడ్డున కూర్చున్న తల్లికి మూడు అలల అవతలున్న పిల్ల కనిపించేది ఆ రంగువల్లే.

'ఇలాంటివి మన ఇళ్లలో కుదురుతాయా' అనేవాళ్లకు ఒక సంగతి. ఒళ్లంతా, తలతో సహా కప్పే ఈత దుస్తుల్ని 2004లో సిడ్నీలో అహేదా జానెట్టి అనే మహిళ రూపొందించింది. బుర్కినీ అని పేరు. అది మంచిదా చెడ్డదా అని దేశదేశాల్లో పెద్ద రభసే జరిగింది. అయితే ఆ వాదనలకు ముందే దాన్ని వేసుకుని కొందరు ముస్లిం అమ్మాయిలు అక్కడి తీరాల్లో ప్రాణరక్షక శిక్షణ పొందారు. ఎంత కప్పుకోవాలన్నది ఎవరిష్టం వారిది. కప్పుకున్న బట్ట నీళ్లలో అడ్డురాకుండా ఉంటే చాలు. మన బంగాళాఖాతంలోనే, అవతలి ఒడ్డున బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌లో ఆడపిల్లలు సల్వార్ కమీజుతో సర్ఫింగ్ మొదలుపెట్టారు. ఇవతలి ఒడ్డున, చీరాల మీదుగా పోయే చెన్నై రైలెక్కితే చేరుకోగలిగినంత దూరంలో, మహాబలిపురంలో జాలరి వాడలో పెరిగిన కమలి మూర్తి దేశంలో పేరున్న సర్ఫర్. కర్ణాటక తీరంలో 2007లోనే పలకెక్కిన ఇషితా మాలవీయను మన దేశపు తొలి మహిళా సర్ఫర్‌గా చెబుతారు.

అంతదాకా ఎందుకు, సామర్లకోటకు చెందిన గోలి శ్యామల నడివయసులో ఈతను పట్టుకుని 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోటిదాకా 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని ఈదేసింది. 2024 డిసెంబరు 28న విశాఖలో బయల్దేరి 2025 జనవరి 3కల్లా కాకినాడ చేరింది, 150 కిలోమీటర్లు. ఇంగ్లిష్ ఛానల్ ఈదేవాళ్లకైతే వెట్‌సూట్ వేసుకోకూడదన్న నియమమే ఉంది. 1959లో ఆ ఛానల్ దాటిన తొలి ఆసియా మహిళ ఆరతీ సాహా ఈదింది మామూలు ఈత దుస్తులతోనే, ఒంటికి కొవ్వు రాసుకుని.

అన్నట్టు, సర్ఫింగ్ మన తీరానికి మరీ కొత్తేమీ కాదు. రెండు మూడు దుంగలు తాళ్లతో కట్టిన తెప్పమీద నిలబడి, అల వీపుమీద ఒడ్డుకు జారుతూ రావడం జాలర్లకు తరతరాల విద్య. బోర్డు కొత్తది, బట్ట కొత్తది, అంతే. నేర్చుకోవాలనుకునే చీరాల అమ్మాయి చెన్నై దగ్గరి కోవళానికో మహాబలిపురానికో వెళ్లడం మంచిది. ఈత బాగా వచ్చాకే వెళ్లాలి, మొదటి పాఠాలకు బోర్డూ చొక్కా బడివాళ్లనే అడగాలి. నెల తిరక్కుండా సరదా తీరిపోతే డబ్బు మిగులుతుంది, తీరకపోతే అప్పుడు కొనుక్కోవచ్చు.

కొన్నదాన్ని కాపాడుకోవడమూ ఓ పనే. వేసుకునేటప్పుడు పాదానికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుంటే రబ్బరు సర్రున జారుతుంది. గోళ్లతో లాగకూడదు, చంద్రవంక ఆకారంలో చీలుతుంది. ఇంటికి రాగానే మంచినీళ్లలో జాడించి, లోపలివైపు పైకి తిప్పి, నడుము దగ్గర మడిచి లావుపాటి దండెంమీద నీడలో వేయాలి. ఎండలో వేస్తే పెళుసెక్కుతుంది. వాషింగ్ మెషిన్, ఇస్త్రీ రెండూ నిషేధం. ఇద్దరు చెరో కొస పట్టుకుని చీరను మెలిపెట్టి పిండినట్టు మాత్రం పిండారో... మళ్లీ కొత్తది కొనుక్కోవాల్సిందే!